ఆరో పలక

ఇరవై మూడు అట్టపెట్టెలను నా బల్ల మీద, బల్ల కింద, కిటికీ గట్టు మీద పెట్టించి, "వీటిల్లో మంచివి ఏరిపెట్టండమ్మా" అన్నాడు పెద్దసారు. మంచివి అంటే ఎలాంటివని అడిగాను. "చూడగానే ముచ్చటేసేవి. పాత టోపీలు, గుర్రాలు, గుడారాలు. ఉత్తరాలైతే అడవి మీద ప్రేమ కనబడేవి. మరీ వివరాలొద్దు, జనం చదవరు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా కాగితాల మధ్య బతుకుతున్న మనిషితో వివరాలొద్దని చెప్పకూడదని ఆయనకు తెలియదు. తెలిసినా ఆగే రకం కాదు.

నేను జాతీయ పార్కు ప్రధాన కార్యాలయంలో రికార్డు గది చూసుకుంటాను. వచ్చే నెలకు పార్కు పుట్టి డెబ్భై అయిదేళ్ళు. ఆ వేడుకకు ఒక ప్రదర్శన, ఒక పుస్తకం, బోలెడు ఉపన్యాసాలు. ఈ పెట్టెలు పాత అతిథిగృహం అటక మీద దొరికాయట. పార్కు మొదటి అధికారి తాలూకు ఉత్తరాలు, ఫోటోలు. నా గది జనరేటర్‌ను ఆనుకుని ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా బల్ల మీద పెన్నులు వాటంతటవే నడుస్తాయి. గది మార్చమని పదకొండు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. నా వెనకాల ఆఫీసువాళ్ళు నన్ను కుక్కర్ అంటారని నాకు తెలుసు. మూత బిగించి మంట పెట్టేది వాళ్ళే, కూత వేస్తే ఉలిక్కిపడేదీ వాళ్ళే.

సోమవారం మధ్యాహ్నం తొమ్మిదో పెట్టెలో, తుప్పు పట్టిన క్లిప్పు కింద మూడు కాగితాలు కనబడ్డాయి. మొదటిది ఆ అధికారి ఉత్తరం నకలు. పార్కు ఫోటోగ్రాఫర్‌కు రాసింది.

"ఆరో పలక చాలా బాగా వచ్చింది. అయితే ఇళ్ళు కనిపిస్తున్నాయి, ఆరేసిన బట్టలు కూడా. మనం ప్రకటించబోయేది మనిషి అడుగు పడని చోటు అన్న సంగతి మీకు తెలుసు. మీ చేతి నేర్పు మీద నాకు నమ్మకం ఉంది."

రెండోది ఫోటోగ్రాఫర్ జవాబు. చక్కటి గుండ్రటి దస్తూరి.

"మీరు చెప్పినట్టే ఇరవై ఏడు ఇళ్ళనూ మంచు చేశాను. చిక్కంతా ముందు వరుసలో నిలబడిన మనుషులతో వచ్చింది. నాలుగు లెక్కపెట్టేదాకా కదలవద్దని నేనే చెప్పాను. ఒక్కరూ కదలలేదు. అందువల్ల మరీ స్పష్టంగా పడ్డారు. వాళ్ళను కప్పేసరికి మూడు రోజులు పట్టింది. కుడి చివర ఒక పిల్ల మాత్రం పరుగెత్తింది. చూడటానికి ఏదో జంతువులా ఉన్నందున వదిలేశాను."

మూడోది మళ్ళీ అధికారిదే, రెండే వాక్యాలు. "మీకు మూడు రోజులు పట్టింది. నాకు పదకొండు లారీలు, ఒక పూట చాలాయి."

ఆ రెండు వాక్యాలు రాసినవాడు ఎదురుగా ఉంటే పేపర్‌వెయిట్ ఎటు పోయేదో చెప్పలేను. పోయి ఏభై ఏళ్ళయిన మనిషి మీద అరవడానికి లేదు కనుక ఖాళీ గదిలో లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను.

పైగా ఆ గురువారమే విచారణ ఉంది. పార్కు పెట్టినప్పుడు లోపలినుంచి తరలించినవాళ్ళు తిరిగి వెళ్ళి ఉండవచ్చునని ప్రభుత్వం ఎనిమిదేళ్ళ క్రితం ఒక చట్టం చేసింది. చట్టానికి పళ్ళు తక్కువ, షరతులు ఎక్కువ. అడిగే మనిషి పార్కు రాకముందు లోపల పుట్టి ఉండాలి, బతికి ఉండాలి, అక్కడ ఊరు ఉండేదని రుజువు చూపాలి. మా గార్డుల యూనిఫారాలు కుట్టే ఆవిడ వాళ్ళమ్మ ఆ లోయలో పుట్టింది. ఎనభై రెండేళ్ళు. లోయలో పుట్టినవాళ్ళలో ఇప్పుడు ఆవిడ ఒక్కతే మిగిలింది. మొదటిసారి దరఖాస్తు కొట్టేశారు. ఇది పునర్విచారణ, ఆఖరిది. ఇక్కడా కాదంటే ఆ ఫైలు మూసేస్తారు. ఆవిడ పోయినా మూసేస్తారు. మావాళ్ళు మనసులో కోరుకుంటున్నది ఆ రెండిట్లో ఏదో ఒకటి.

ఆరో పలక, అంటే ఆ ఫోటో గాజు నెగెటివ్, నా బీరువాలోనే ఉంది. చెప్పాలంటే ఆ ఫోటో తెలియని మనిషే లేడు. "మంచు లోయ". రెండు కొండల మధ్య తెల్లగా పొంగిన మంచు, వెనక చెట్లు. టికెట్ల మీద అదే, ఉత్తరాల పైన అదే, గార్డుల భుజాల మీద బ్యాడ్జీలో అదే. బీరువా తెరిచి గాజు పలక ఉన్న కాగితపు సంచీ తీశాను. సంచీ పైన చిన్న ప్రింటు అంటించి ఉంది, దాని కింద వివరణ.

"జనసంచారం లేని లోయ, తెల్లవారుజాము మంచు. కుడి అంచున కనిపించేది జింక కావచ్చు."

దస్తూరి నాది. కింద సంతకం నాది. తేదీ ఎనిమిదేళ్ళ క్రితంది.

ఎలా జరిగిందో గుర్తుంది. నెలాఖరుకు నాలుగు వందల పలకలకు జాబితా తయారు కావాలన్నారు. ఒక్కొక్క గాజు పలకను సంచీలోంచి తీసి, దీపానికి పట్టి చూస్తే పావుగంట. పైన అంటించిన ప్రింటు చూసి రాసేస్తే ఒక నిమిషం. నేను నిమిషం దారి పట్టాను. కొత్తగా చేరిన వాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం, ప్రింటును నమ్మొద్దు, పలకను చూడు అని. ఆ పాఠం చెప్పే నోటితోనే ఆ నెలంతా టీ తాగుతూ గిలికేశాను. ఈ వివరణ చూపించే మావాళ్ళు మొదటి దరఖాస్తు కొట్టేయించారు. "మా సొంత రికార్డుల ప్రకారం అక్కడ జనసంచారం లేదు" అని. ఆ సొంత రికార్డు నేనే.

పలక బయటికి తీశాను. నునుపు వైపు, మంచు కనిపించే మేరా ఎర్రరంగు. నెగెటివ్ మీద రంగు పూస్తే వెలుతురు దూరదు, ప్రింటులో ఆ చోటంతా తెల్లగా వస్తుంది. ఆ తెలుపునే డెబ్భై అయిదేళ్ళుగా మంచు అని చెప్పి టికెట్లు అమ్ముతున్నాం. రంగు ఒక వైపే ఉంది. బొమ్మ ఉండే మసక వైపును ఎవరూ ముట్టుకోలేదు. అటు తిప్పి, దీపం పక్కవాటుగా పెట్టి, ఫోటో తీసి, కంప్యూటర్‌లో నలుపును తెలుపు, తెలుపును నలుపు చేశాను.

ఊరు పైకి వచ్చింది. కప్పులు, పొగగొట్టాలు, దండేల మీద బట్టలు. ముందు ముప్ఫై మందికి పైగా మనుషులు, కళ్ళార్పకుండా నాకేసి చూస్తూ. కదలవద్దన్నారని కదలని మనుషులు. కుడి చివర నా జింక, కదలికకు కాస్త చెదిరినా, పెద్దది చేస్తే తెలుస్తోంది. జింకకు రెండు జడలున్నాయి. ఒక జడ ఊడిపోయింది. గౌను మోకాళ్ళ దాకా ఎగిరింది. అది చూసి నేను గట్టిగా ఒక బూతు మాట అన్నాను. పక్క గదిలో జీతాల గుమాస్తా లేచి వచ్చి, నా ముఖం చూసి, అడగకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.

మంగళవారం ఉదయం ఆ బొమ్మ, ఉత్తరాలు పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళాను. ఆయన చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. ఎంత రాయి అయినా కరిగిందనుకున్నాను.

"అబ్బ! ఆ కాలంలో, కంప్యూటర్లూ అవీ లేకుండా! ఎంత చెయ్యి తిరిగినవాడమ్మా ఈ ఫోటోగ్రాఫర్!" అన్నాడు.

బొమ్మను ఆయన ముందునుంచి లాక్కున్నాను.

"సార్, విచారణ ఎల్లుండి. ఇవి అక్కడికి వెళ్ళాలి" అన్నాను.

"వెళ్ళాలని ఎవరన్నారు? వాళ్ళు అడిగారా? అడగందే మనమెందుకు ఎగబడి ఇవ్వడం? శుక్రవారం నింపాదిగా నమోదు చెయ్యండి. పుస్తకంలో వేసుకుందాం కూడా, ఆసక్తికరంగా ఉంటుంది." సొరుగులోంచి ఒక ఫారం తీసి నా ముందుకు తోశాడు. అప్పటికే టైపు చేసి ఉంది. ఆరో పలక పాడైపోయినందున ఎవరికీ చూపడానికి వీలు కాదని. కింద రికార్డు అధికారి సంతకానికి ఖాళీ. "ఎందుకైనా మంచిదని, ఎవరైనా పలక అడుగుతారేమోనని ముందే టైపు చేయించాను. ఒక సంతకం పడేయండి."

"పలక శుభ్రంగా ఉంది సార్."

"మీ బీరువాలో ఉంది కదమ్మా, మీరు పాడైందంటే పాడైనట్టే."

"ఎనిమిదేళ్ళ క్రితం చూడకుండా ఒక సంతకం పెట్టాను. ఈసారి చూశాను" అన్నాను.

"మీకింకా రెండేళ్ళ సర్వీసుంది. జనరేటర్ పక్క నుంచి మిమ్మల్ని పైఅంతస్తుకు మార్చే సంగతి కూడా నా దగ్గరే ఉంది" అన్నాడు నవ్వుతూ. పదకొండు ఉత్తరాలకు అదీ జవాబు. ఫారం అక్కడే వదిలేసి, తలుపు వీలైనంత గట్టిగా వేసి వచ్చాను. ఆ తలుపుకు స్ప్రింగు ఉంది, మెల్లగా మూసుకుంది. దాని మీద కూడా కోపం వచ్చింది.

సాయంత్రం వంటింట్లో కూరలు తరుగుతుంటే మా అత్తగారు వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైంది. ఇప్పటికీ ఎవరి మాటల మధ్యకైనా సూటిగా దూరిపోతుంది.

"ఆ కత్తి కింద ఉన్నది మీ సారు కాదు, క్యారెట్టు. కాస్త మెల్లగా" అంది.

జరిగిందంతా చెప్పాను. మా ఆయన గిన్నెలు తోమడం ఆపి విన్నాడు. ఆయన మెతక మనిషి. "రెండేళ్ళే కదా ఉంది, జాగ్రత్త" అనబోయి, వాళ్ళమ్మ ముఖం చూసి నీళ్ళు నమిలాడు.

"ఇంతకీ నీ కోపం ఎవరి మీద?" అంది అత్తగారు.

"సారు మీద. ఆ చచ్చిన అధికారి మీద. ఆ ఫోటోగ్రాఫర్ మీద. నా మీద. ముఖ్యంగా నా మీద."

"ఒక లైనుకు బదులు ఇంకో లైను కలిపేవాళ్ళం అప్పుడప్పుడు. కలిపింది ఎవరో వాళ్ళే పీకి, సరైనది కలపాలి. సూపర్‌వైజర్ కోసం ఆగకూడదు. నా ఖర్మ అని ఏడుస్తూ కూర్చుంటే అవతల మనిషి హలో హలో అని అరుస్తూనే ఉంటాడు" అంది. తరవాత, "ఉప్పు తక్కువెయ్యి. కోపంలో ఎక్కువేస్తావు" అని లేచి వెళ్ళిపోయింది.

బుధవారం ఆఫీసు తలుపులు తెరిచేసరికి నేను నా గదిలో ఉన్నాను. మా దగ్గర నమోదు పుస్తకం ఒకటుంది. కుట్టిన పుస్తకం, పేజీలకు అంకెలు అచ్చై ఉంటాయి. సిరాతోనే రాయాలి. చింపడానికి లేదు, దిద్దడానికి లేదు. రాసింది తప్పయితే ఒక్క గీత కొట్టి, కింద సరైనది రాసి, సంతకం పెట్టాలి. అందులోకి ఎక్కిన వస్తువును ఎవరైనా చీటీ రాసి అడగవచ్చు. అడిగితే నకలు ఇచ్చి తీరాలి, పెద్దసారుతో పని లేదు. మూడు ఉత్తరాలకు మూడు అంకెలు వేశాను. ఎనిమిదేళ్ళ వెనక్కి వెళ్ళి నా వివరణ మీద గీత కొట్టాను. కింద కొత్తది రాశాను: "లోయలోని ఊరు, ఇరవై ఏడు ఇళ్ళు. ఇళ్ళూ మనుషులూ ఎర్రరంగుతో కప్పబడ్డారు. కుడి అంచున పరుగెత్తుతున్నది బాలిక. పైన కొట్టేసింది పలకను చూడకుండా నేను రాసినది." రాస్తున్నంతసేపూ పళ్ళు నూరుతూనే ఉన్నాను.

తరవాత కుట్టుగదికి వెళ్ళాను. సామాన్ల గోదాం చివర, ఒక కిటికీ, ఒక మిషను, బల్ల నిండా ఖాకీ చొక్కాలు. ఆవిడ చొక్కా భుజానికి బ్యాడ్జీ కుడుతోంది. మంచు లోయ బ్యాడ్జీ. పదిహేనేళ్ళుగా రోజుకు నలభై కుడుతోందట.

"మీరొకసారి నా గదికొచ్చి ఒక చీటీ రాయాలి" అన్నాను.

"ఏం చీటీ మేడమ్? మళ్ళీ సైజులు తప్పాయా?"

నా గదిలో బల్ల మీద బొమ్మ పెట్టి చూపించాను. ఆవిడ కూర్చోలేదు. కత్తెర చేతిలోనే ఉంది. వంగి, చివరి నుంచి చివరి దాకా ఒక్కొక్క ఇంటినీ వేలితో ముట్టకుండా పైపైన చూపిస్తూ, పెదాలు కదుపుతూ పోయింది. ఏమిటి లెక్కపెడుతున్నారని అడిగాను.

"లెక్క కాదు మేడమ్. మా ఇళ్ళ వరస. ఏటి దగ్గర్నుంచి పైకి. జడ వేసేటప్పుడల్లా మా అమ్మ మాచేత చెప్పించేది. తప్పితే జడ లాగేది. మొదటి దరఖాస్తుతో పాటు అంతా రాసిచ్చాను. మీ ఆఫీసువాళ్ళు దాని మీద ముద్ర వేసి, 'కథలు' అని రాసి పక్కన పెట్టారు." వేలు కుడి చివరకొచ్చి ఆగింది. "అమ్మ" అంది.

తరవాత పక్కనున్న సంచీ చూసింది, పైన అంటించిన ప్రింటు, దాని కింద పాత వివరణ. నేను దాచలేదు. దాచడానికి ఇక ముఖం లేదు.

"జింకా?" అంది. "ఎవరు రాశారిది?"

"నేనే."

"ఈ అద్దం చూసే రాశారా?"

"చూళ్ళేదు. సంచీలోంచి తియ్యలేదు. పని తొందరలో..."

ఆవిడ నావైపు చూసింది. నేను ఎవరి కళ్ళలోకి చూడటానికీ వెనకాడే మనిషిని కాను, కాని ఆ పూట చూడలేకపోయాను. ఆవిడ చీటీ రాసింది, సంతకం చేసింది. నేను నకళ్ళ మీద ముద్ర వేసి ఇచ్చాను. ఆవిడ కత్తెర మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు.

గురువారం విచారణ హాలు ఇరుకుగా ఉంది. ఎదురుగా రిటైరైన జడ్జిగారు, తెల్లజుట్టావిడ, ముందు నీళ్ళ సీసా, ఒక పెన్సిలు. ఒక పక్క పెద్దసారు, మా ఆఫీసు లాయరు. ఇంకో పక్క చేతుల కుర్చీలో ముసలమ్మ. మూడేళ్ళుగా ఆవిడకు చూపు లేదు, మోకాళ్ళు కూడా పనిచెయ్యడం లేదు. కూతురు పక్కన నిలబడి ఉంది. నేను సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. నన్ను చూసి పెద్దసారు ముఖం తిప్పుకున్నాడు.

లాయరు లేచి నా పాత వివరణే చదివాడు, గొంతు సవరించుకుని మరీ. "పార్కు రికార్డు అధికారే స్వయంగా రాసినది. జనసంచారం లేని లోయ."

"ఆ అధికారిని నేనే" అని లేచాను. పిలవకుండా లేవకూడదట. లేచాక తెలిసింది. "అది తప్పు. పలక చూడకుండా రాశాను. నిన్న ఉదయం కొట్టేశాను. అది తప్పని వీళ్ళకు మంగళవారమే తెలుసు. తెలిసే చదువుతున్నారు."

హాలులో గుసగుసలు. జడ్జిగారు నా నమోదు పుస్తకం తెప్పించుకుని చూసింది, ఉత్తరాలు చదివింది. "పదకొండు లారీలు" దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరవాత పెద్ద బొమ్మను ముందు పరుచుకుంది. లాయరు ఊరుకోలేదు. ఉత్తరాల్లో లోయ పేరు లేదన్నాడు. ఆ బొమ్మలో ఇళ్ళు కనబడినంత మాత్రాన ఊరనుకోకూడదన్నాడు. రోడ్డు పనికి వచ్చిన కూలీల గుడిసెలు కావచ్చన్నాడు.

"ఏమ్మా, మీరేమంటారు?" అంది జడ్జిగారు ముసలమ్మతో.

"ఏటి దగ్గర్నుంచి మొదలెట్టనా?" అంది ముసలమ్మ.

మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉన్నా ఎక్కడా తడబడలేదు. "మొదటిది తడిక తలుపు వాళ్ళది. రెండోది రెండు పొగగొట్టాలది, అన్నదమ్ములకు పడదు, పొయ్యిలు వేరు. మూడోది ఖాళీ, మేకలుంటాయి. నాలుగోది మాది. అయిదోదానికి మూడే గోడలు. ఆయన ఏడాదికొక గోడ కడతాడు, నాలుగోది ఇంకా మొదలెట్టలేదు." జడ్జిగారి పెన్సిలు ఒక్కో ఇంటి మీదా ఆగుతూ పైకి వెళ్ళింది. రెండు పొగగొట్టాల దగ్గర ఆగింది. మూడు గోడల దగ్గర ఆగింది. పన్నెండో ఇల్లు, నిచ్చెన ఎప్పుడూ తియ్యనిది. అక్కడ నిచ్చెన ఉంది. ముసలమ్మకు అదేమీ కనబడటం లేదు. ఎనిమిదేళ్ళ క్రితం ముద్ర పడ్డ ఇళ్ళ వరస కాగితాన్ని జడ్జిగారు రెండో చేత్తో పట్టుకుని సరిచూస్తూనే ఉంది. ఇరవై ఏడో ఇల్లు అయ్యేసరికి లాయరు తన ఫైలు సర్దుకుంటున్నాడు.

"మరి మీరెందుకు పరుగెత్తారమ్మా, అందరూ నిలబడితే?" అని అడిగింది జడ్జిగారు.

"కోపమొచ్చి. నాలుగు లెక్కపెట్టేదాకా కదలకూడదని ఆ పెట్టె ఆయన చెప్పాడు. మా ఇంటి ముందు నన్ను కదలొద్దనడానికి ఆయనెవరు? మా అమ్మ చెయ్యి విదిలించుకుని పోయాను." ముసలమ్మ కాసేపు ఊపిరి తీసుకుంది. "చెప్పిన మాట విని నిలబడ్డవాళ్ళందరి మీదా రంగు పూశారంట కదా. మా అమ్మ మీద కూడా."

అరగంట తరవాత జడ్జిగారు ఉత్తర్వు చదివింది. అక్కడ ఊరు ఉండేదని రుజువైంది. నాలుగో ఇంటి చోట ఒక గది కట్టుకుని ఉండే హక్కు ముసలమ్మకు, ఆవిడ తరవాత కూతురికి. పార్కు అభ్యంతరాలు కొట్టేయడమైంది. పెద్దసారు నా పక్కనుంచి వెళుతూ, "పైఅంతస్తు సంగతి మర్చిపోండి" అన్నాడు. నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను.

బయట మెట్ల మీద ముసలమ్మ కుర్చీ పక్కన కూతురు నిలబడి ఉంది. దాచడమెందుకు, ఒక మంచి మాట కోసమే అటు నడిచాను. ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాను, నలుగురిలో నా తప్పు నేనే చెప్పుకున్నాను, ఆ మాత్రం ఆశ ఉండదా? వెళ్ళి, "మొత్తానికి అయింది" అన్నాను.

"అయింది" అంది ఆవిడ. తల్లికి వినబడకుండా నన్ను రెండు మెట్లు కిందికి తీసుకెళ్ళింది. "ఎనిమిదేళ్ళ క్రితం మా అమ్మకు కళ్ళు బాగానే ఉన్నాయి. నడిచేది కూడా. అప్పుడే ఆ అద్దం తీసి చూసుంటే, తన కాళ్ళతో వెళ్ళి తన ఇంటి చోటు తను చూసుకునేది. ఇప్పుడు తీసుకెళ్తే గాలి తగులుతుంది, అంతే. మీరు మంచి పని చేశారని అందరూ అంటున్నారు. నేను అనలేను. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది మేడమ్. తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు."

"తగ్గించుకోవద్దు" అన్నాను.

ఆవిడ చున్నీ కొస చేతికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. "ఆఖరి గేటు తరవాత బళ్ళు పోనివ్వరు. అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లు, ఎక్కుడు. కుర్చీకి రెండు బొంగులు కట్టి మోసుకెళ్ళాలి. మా అన్నయ్య ఉన్నాడు, మేనల్లుడు ఉన్నాడు, నేనున్నాను. నాలుగో కొసకి మనిషి లేరు." నా భుజాల వైపు చూసింది, చొక్కాకు కొలత తీసేటప్పుడు చూసినట్టు. "మీరు మొయ్యగలరా?"

"మోస్తాను" అన్నాను.

"అయితే ఆదివారం ఉదయం ఆరింటికి గేటు దగ్గరుండండి" అంది. మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగింది. "సరిగ్గా ఆరింటికి. మీకోసం మా అమ్మ ఇంక ఒక్క నిమిషం కూడా ఆగదు."